పడిపోని దుంగ

నిన్న మధ్యాహ్నం పక్కింటివాళ్ళు మోకాళ్ళ నొప్పులకి వేపనూనె కాచారు. పసుపు కూడా వేసినట్టున్నారు, ఆ ఘాటు గోడ దాటి మా వరండాలోకి వచ్చింది. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "ఏం కంపండీ బాబూ" అంటూ కిటికీ వేసేసింది. నేను లేచి వెళ్ళి మళ్ళీ తీశాను. వయసుతో పాటు ఈయనకి ముక్కు కూడా పోయింది అన్నట్టు చూసింది. ముక్కు బాగానే ఉంది. కానీ నాకు ఆ వాసన మోకాళ్ళది కాదు. ఒక గుర్రం కాళ్ళది, ఆ కాళ్ళ దగ్గర గొంతుకు కూర్చుని నూనె రాసిన ఒక మనిషి చేతులది. ఆవిడ పేరు నాంచారమ్మ. మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. చూసినా మామిడితోటలో కాయలు ఏరే కూలిమనిషి అనుకుని వెళ్ళిపోయేవారు.

ఎనభైల నడిమి మాట. నేను నూజివీడులో జట్కా తోలేవాణ్ణి. ఏడో తరగతిలో ఉండగా హెడ్మాస్టరుగారు ఎలా నడుస్తారో ఆయన వెనకే నడుస్తూ క్లాసు మొత్తానికి చూపించాను. ఆయన వెనక్కి తిరుగుతారని నాకు తోచలేదు. నా చదువు అక్కడ ఆగింది, నోరు మాత్రం ఆగలేదు. జట్కా ఎక్కినవాళ్ళని దిగేదాకా నవ్విస్తూనే ఉండేవాణ్ణి. తర్వాత ఆటోలు వచ్చాయి, నా ముసలి గుర్రం చచ్చిపోయింది, నవ్వించడానికి బండీ లేదు, జనమూ లేరు. ఆ సమయంలో రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉన్న ఒక షావుకారుగారు కబురు పెట్టారు.

ఆయన కథ వేరు. కొడుకు పెళ్ళి ఊరేగింపుకి అందరిలా గుర్రాన్ని అద్దెకి తెచ్చుకోవడం నామోషీ అనుకుని, మద్రాసు నుంచి ఏకంగా ఒక రేసు గుర్రాన్నే కొనుక్కొచ్చారు. మొదటి టపాకాయ పేలగానే అది పెళ్ళికొడుకుని తీసుకెళ్ళి బ్యాండుమేళంలో డోలు మీద కూర్చోబెట్టింది. అబ్బాయిగారు కారులో పెళ్ళికి వెళ్ళారు, గుర్రం తోటకి వెళ్ళింది. మద్రాసులో ఉన్నప్పుడు పరుగు పందేల్లో వెనకబడితే దాన్ని అక్కడేదో క్లబ్బులో కంచెలు దూకే ఆటలో పెట్టారట. నడుము ఎత్తు కూడా లేని కంచెలు, వెదురు తడికలకి రెమ్మలు కట్టినవి. కాలు తగిలితే పడిపోతాయి, గుర్రం ఆగకుండా పోతుంది. కాగితాల్లో దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరేదో ఉండేది. నాంచారమ్మ మాత్రం బుల్లెమ్మ అని పిలిచేది.

షావుకారుగారు నాతో సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. హైదరాబాదులో గుర్రపుస్వారీ నేర్పే మేజరుగారు ఒకాయన మామిడికాయల రోజులు అయిపోయేలోగా వస్తారు. ఆయన దగ్గర గుర్రాలు గుండెలెత్తు కంచెలు దూకుతాయి, అవి తగిలితే పడేవి కావు. బుల్లెమ్మ అలాంటిది దూకితే తీసుకువెళ్తారు. దూకకపోతే మైలవరంలో జట్కా కట్టేవాడొకడు అడుగుతున్నాడు, వాడికి ఇచ్చేస్తారు. ఎక్కి దూకడం నేర్పించడం నా పని. జట్కా అంటే ఏమిటో నాకు తెలుసు. సన్నటి కాళ్ళు, పట్టులాంటి చర్మం ఉన్న ఆ జంతువు ఒక్క వేసవికి మించి బతకదు.

తోటకి వెళ్ళేసరికి నాంచారమ్మ గుర్రం గిట్టలో ఇరుక్కున్న మట్టి గీకుతోంది. యాభై అయిదేళ్ళు ఉంటాయి. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంది. మిగతా సగం ఒక గుర్రం తీసుకుందని తర్వాత తెలిసింది. ఆవిడ భర్త మద్రాసు రేసు గుర్రాల సాలలో పనిచేశాడు, ఆయనతో పాటు ఇరవై ఏళ్ళు అక్కడే ఉంది. ఆయన పోయాక సొంత ఊరికి వచ్చి తోటపనికి కుదిరింది. కోపం వస్తే ఇంకా అరవమే వచ్చేది.

"జట్కా కోటి అంటే నువ్వేనా?"

"నేనేనండి అత్తగారూ. మీ అమ్మాయి ఎక్కడ?"

ఆవిడ తలెత్తలేదు. "ఇదే మా అమ్మాయి. ఎక్కు, నీ సంగతి అదే చెబుద్ది."

ఆ రోజు నుంచి ఆవిడ నాకు అత్త అయింది.

అత్త ఎప్పుడూ గుర్రం ఎక్కలేదు. కానీ నేల మీద నిలబడి, బుల్లెమ్మ వీపు మీద నా బరువు ఎటు వాలిందో చెప్పేది. మొదటి వారం కాయల గంపలు ఖాళీవి వరసగా బోర్లించి దూకించాం. బుల్లెమ్మకి అవి పాత కంచెల్లాగే ఉన్నాయి, మెడ చాపుకుని రెచ్చిపోయేది. నేనైతే సరేసరి. "మైలవరం, మైలవరం, రైట్ రైట్!" అని బస్సు కండక్టర్‌లా అరుస్తూ తోలేవాణ్ణి. సగం గంపలు గాల్లోకి లేచి దొర్లేవి. చెట్ల కింద కాయలు గ్రేడు చేసే ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. అత్త మాత్రం దొర్లిన గంపల్ని ఒక్కొక్కటీ తెచ్చి మళ్ళీ అదే చోట పెట్టేది.

ఎనిమిదో రోజున ఇద్దరు మనుషుల చేత ఒక మామిడి దుంగ మోయించి, రెండు పంగల గుంజల మీద అడ్డంగా పెట్టించి తాళ్ళతో బిగించింది. నా తొడల ఎత్తుంది. "మెల్లగా రా. నోరు మూసుకుని రా" అంది. మెల్లగా నేను ఎప్పుడు వచ్చాను కనక? గ్రేడింగ్ దగ్గర ఆడవాళ్ళు చూస్తున్నారు. అరిచాను. బుల్లెమ్మ గంపల మీదికి వెళ్ళినట్టే వెళ్ళింది, ముందుకాళ్ళు దుంగకి ఠప్పున తగిలాయి. నేను దాని చెవుల మీదుగా ఎగిరి అవతల మట్టిలో పడ్డాను. కళ్ళు తెరిచేసరికి అత్త పరుగెత్తుకుంటూ వస్తోంది. పాపం నా కోసమే అనుకున్నాను. నన్ను దాటుకుని గుర్రం దగ్గరికి వెళ్ళింది.

ఎముకకి దెబ్బ తగల్లేదు గానీ రెండు ముంగాళ్ళూ చీరుకుపోయాయి. అత్త వేపనూనె కాచి పసుపు వేసి రాస్తుంటే, నా నడుము నేనే పట్టుకుని పక్కన కూర్చున్నాను. తిడుతుందని చూశాను. అరవం కూడా రాలేదు.

"గంపలు దీనికి తప్పు నేర్పినయ్‌రా" అంది చివరికి. "తగిలితే ఏదైనా పడిపోద్దనుకుంది. దుంగ పడదుగా. దీన్ని అనడానికేముంది, నువ్వూ అంతే. ఎవరన్నా అడ్డం నిలబడితే ఒక జోకు విసురుతావ్, వాళ్ళు నవ్వి పక్కకి తప్పుకుంటారు. నవ్వని మనిషి అడ్డమొస్తే ఏం చేస్తావ్?"

"మీరు వచ్చారుగా అత్తా. ఇదిగో, పడ్డాను."

ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. అంతలోనే ముఖం మారిపోయింది. మద్రాసులో తన భర్త చూసుకున్న గుర్రాన్ని ఒకదాన్ని ఇలాగే తొందరపెట్టి పెద్ద కంచె మీదికి తోలారట. కాలు విరిగింది. "మనిషికైతే కట్టు కడతారు. గుర్రానికి ఆ కాలు అతకదు. సూదేసి చంపడానికి డాక్టరు వచ్చేదాకా దాని తల నా ఒళ్ళోనే ఉంది" అని, నూనె గిన్నె నా చేతిలో పెట్టింది. "ఆ కాలికి నువ్వు రాయి."

గాయాలు మానాక పది రోజులు మేము దూకనే లేదు. పొద్దున్నే దుంగ దాకా నడిచి రావడం, ఆగడం, బుల్లెమ్మని దాని ఇష్టం వచ్చినంతసేపు చూసుకోనివ్వడం, అంతే పని. అది దుంగని వాసన చూసేది, గడ్డం ఆనించేది, అవతలి గడ్డి అందుకునేది. అత్త దుంగకి అడుగు ముందు నేల మీద ఒక వెదురు కర్ర పెట్టింది, కంచె ఎక్కడ మొదలవుతుందో దాని కంటికి తెలియాలని. వీపు మీద నేను కదలకూడదు, కళ్ళెం లాగకూడదు, ముఖ్యంగా మాట్లాడకూడదు. "నువ్వు నోరు తెరిస్తే అది నీ మాట వింటది, ముందుకి చూడదు" అనేది. మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో, నాకు తెలిసినంత ఎవరికీ తెలిసి ఉండదు. మూడోరోజుకి దవడలు నొప్పి పుట్టాయి. అయిదోరోజున మాత్రం, నా తొడల కింద బుల్లెమ్మ ఊపిరి నెమ్మదించడం మొదటిసారి తెలిసింది. అన్నాళ్ళూ అది ఊపిరి పీలుస్తూనే ఉందిగా, నా గోలలో నాకు వినపడలేదు.

తర్వాత దూకింది. తొడలెత్తు, నడుమెత్తు, దానిపైన ఇంకో జానెడు. పరుగు తగ్గించి, చూసుకుని, వీపు విల్లులా వంచి లేచేది. ప్రతిసారీ అత్త దుంగ పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

ఒకరోజు దానికి నీళ్ళు పెడుతూ అడిగాను. "ఇది దూకితే వెళ్ళిపోద్ది కదత్తా. మరి ఎందుకింత కష్టపడి నేర్పుతున్నావ్?"

"దూకకపోతే మైలవరంలో ఉంటది. నేను ఎప్పుడైనా బస్సు దిగితే కనబడుద్ది. ఎండలో, ఎముకలు పైకి తేలి. నువ్వే చెప్పు, ఏది నయం?"

నేను వెళ్ళి ఇంకో బకెట్టు నీళ్ళు తోడుకొచ్చాను.

కాయలు అడుగంటుతున్న రోజుల్లో మేజరుగారు జీపులో వచ్చారు. తెల్లటి మీసం, మర్యాదైన మాట. దుంగని చూసి, దానిపైన ఇంకొకటి పెట్టించారు. ఇప్పుడది నిజంగానే గుండెలెత్తు అయింది, మేము ఎప్పుడూ దూకించనంత. నేల మీద కర్ర తీసేయమన్నారు. ఆ తర్వాత అత్తవైపు తిరిగి, "మీరు కాస్త అవతలికి వెళ్ళండమ్మా. మా దగ్గర కంచె పక్కన ఎవరూ నిలబడరు" అన్నారు. అత్త వెళ్ళి చెట్టు మొదట్లో అటు తిరిగి కూర్చుంది. చూడలేకపోయింది.

బయలుదేరాం. పదిహేను అంగల దూరంలో బుల్లెమ్మ చెవులు అటూ ఇటూ తిరిగాయి. అత్త కోసం వెతుకుతోంది. అడుగు తడబడి, పరుగు పడిపోయింది. నా మడమలు వాటంతట అవే బిగుసుకున్నాయి. ఒక్క కేక వేస్తే చాలు, పాత అలవాటు కొద్దీ ఎగబడుతుంది. ఎగబడితే ఆ దుంగలు పడవు. వెనకాల షావుకారుగారు "తోలరా, తోలు!" అంటున్నారు. ఆయన నాకు అన్నం పెట్టే మనిషి. నేను దాని జూలు పట్టుకుని, నోరు మూసుకుని, ఏమీ చేయకుండా కూర్చున్నాను. నా బతుకులో నేను చేసిన అతి కష్టమైన పని అదే, ఏమీ చేయకపోవడం. బుల్లెమ్మ తల దించింది. పై దుంగని చూసింది. చెవులు రెండూ ముందుకి నిక్కాయి. ఇక నేల లేదు. చాలాసేపు లేదు అనిపించింది. అవతల గిట్టలు మెత్తగా ఆనేదాకా ఎక్కడా ఏదీ తగిలిన చప్పుడు లేదు. అటు తిరిగి కూర్చున్న అత్త విన్నది ఆ చప్పుడు లేకపోవడమే. అప్పుడు లేచి నిలబడింది.

రెండ్రోజుల తర్వాత లారీ వచ్చింది. లోపల గడ్డి పరిచారు, వెనక పలక దించారు. బుల్లెమ్మ పలక ముందు ఆగిపోయింది. డ్రైవరు "మొండికేస్తందండీ, రెండు తగిలిస్తే అదే ఎక్కుద్ది" అంటూ కర్ర తీశాడు. అత్త వెళ్ళి మధ్యలో నిలబడింది.

"కొట్టకయ్యా. మొండితనం కాదది, చూసుకుంటోంది. ఏదైనా ముందు చూసుకోమని నేనే నేర్పాను. చూసుకోనీ."

మేజరుగారు తలూపారు. అందరం నిలబడ్డాం. అత్త దాన్ని నిమరలేదు. చెయ్యి తగిలితే అది తనవైపు తిరుగుతుందని ఆవిడకి తెలుసు. బుల్లెమ్మ పలకని వాసన చూసింది, లోపలి చీకట్లోకి చూసింది, గడ్డిని చూసింది. ఎంతసేపు చూస్తే అంతసేపూ అది మా దగ్గరే ఉన్నట్టు. లారీ మీద, డ్రైవరు పొట్ట మీద నా నాలుక చివర నాలుగు జోకులున్నాయి. నాలుగూ మింగేశాను. చివరికి అది ఒక కాలు పలక మీద పెట్టింది, ఇంకో కాలు పెట్టింది, దానంతట అదే లోపలికి వెళ్ళిపోయింది.

"చూశావా," అంది అత్త నాతో. "ఎవరూ తొయ్యకుండానే ఎక్కింది." లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత వెళ్ళి కాయలు ఏరుకుంది. గుర్రం సంగతి మాకు మళ్ళీ తెలియలేదు. అత్త ఇంకా చాలా ఏళ్ళు బతికింది. నేను వెళ్ళినప్పుడల్లా ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, పెద్దగా మాట్లాడుకునేది ఉండేది కాదు.

ఇప్పుడు నేను నూజివీడులో కారు నడపడం నేర్పుతాను. నేర్చుకునేవాళ్ళని నవ్విస్తూనే ఉంటాను, పుట్టుకతో వచ్చిన రోగం కదా. మొన్న ఒకావిడ, నలభై దాటినావిడ, మొదటిసారి మెయిన్ రోడ్డు మొగలో బండి ఆపేసింది. "భయంగా ఉందండీ" అంది. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయకుండా, తల బయటికి పెట్టి నన్నేదో అన్నాడు. వాడికి సరిపడా జవాబు నా నోటిదాకా వచ్చింది, మంచిది కూడాను. మింగేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. మళ్ళీ ఎడమవైపు చూసింది. బండి కదిలింది.