మేతెవురు మోసినారు?

మా పెదనాయన పోయాడు. పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున ఏర్పేడులో బస్సు దిగి కాలేజీ వైపు నడుస్తుంటే ఐరాల నుంచి అక్క ఫోన్ చేసింది. అక్కంటే ఆయన ఒక్కగానొక్క కూతురు. ఏడవలేదు. నాయన లేచి ఆవుకు కుడితి పెట్టి వచ్చాడని, కాఫీ అడిగాడని, తను గ్లాసు పట్టుకొని వచ్చేసరికి గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి అట్లాగే ఉండిపోయాడని చెప్పింది. నేను రోడ్డు పక్కనే నిలబడిపోయాను. నా విద్యార్థులు ఇద్దరు నమస్తే మేడం అంటూ దాటిపోయారు. నేనూ నమస్తే అన్నాను. తర్వాత రోడ్డు దాటి, వచ్చిన దారినే వెనక్కి పోయే బస్సు ఎక్కాను.

చిత్తూరు నుంచి మాజీ సైనికులు నలుగురు వచ్చారు. ఒంటి మీద జెండా కప్పారు. వాళ్ళలో పెద్దాయన నాలుగు మాటలు మాట్లాడాడు. వీరుడన్నాడు, మంచుకొండల్లో దేశాన్ని కాచినవాడన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, తప్పు పట్టను. కానీ ఆ మాటలు చెవిన పడితే మా పెదనాయన లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయి ఉండేవాడు. నాకు తెలిసిన మనిషి వేరు. ఆయన గురించి ఉన్నది ఉన్నట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

మా నాయన పోయినప్పుడు నేను తొమ్మిదో తరగతి. కర్మంతరాలు అయిన మరుసటి రోజు పెదనాయన మా ఇంటికి వచ్చి, నా పుస్తకాల సంచి తన సైకిలుకు తగిలించుకొని, అమ్మనూ నన్నూ ఐరాలకు పిలుచుకొని పోయాడు. అప్పటికి ఆయన పటాలం నుంచి వచ్చేసి పశువుల ఆసుపత్రిలో అటెండరుగా ఉన్నాడు. ఎనిమిదో తరగతి దాటని మనిషి. నన్ను మాత్రం ఎం.ఏ. దాకా, ఆ పైన పరిశోధన దాకా చదివించాడు. మార్కులు ఎన్నని ఎప్పుడూ అడగలేదు. నేను ఏదైనా గట్టిగా చెబితే ఒక్కటే అడిగేవాడు, "తెలుసా, అనుకుంటాండావా?" అని. వాన వస్తుందంటే అదే ప్రశ్న. బస్సు ఉంటుందంటే అదే ప్రశ్న. చిన్నప్పుడు ఆ ప్రశ్నకు నాకు ఒళ్ళు మండేది.

పటాలంలో ఆయన తుపాకీ పట్టింది తక్కువ. కంచరగాడిదల్ని తోలేవాడు. మోటారు బండ్లు పోలేని కొండ దారుల్లో బియ్యం, కిరసనాయిలు, తూటాలు వాటి వీపుల మీదే పైకి పోయేవట. ఆ అలవాట్లు ఆయన్ని వదల్లేదు. దారిన పోయే ఎద్దును చూసినా కాడి కింద మెడ మీద చెయ్యి వేసి పుండు ఉందేమోనని తడిమేవాడు. కొట్టంలో మేత పడిందని కళ్ళతో చూసుకున్నాకే సంగటి ముద్ద ముందు కూర్చునేవాడు. ఊళ్ళో ఎవరు ఆవును కొన్నా ఆయన్ని పిలుచుకొని పోయేవాళ్ళు. పటాలం కబుర్లు చెప్పమని పిల్లలు అడిగితే మాత్రం పని ఉన్నట్టు లేచిపోయేవాడు.

నా పరిశోధన రెండో ప్రపంచ యుద్ధం మీద. పక్క దేశాల్ని ఒకదాని తర్వాత ఒకటి మింగుకుంటూ వచ్చిన జర్మనీ సైన్యం రష్యా మీదికి పోయి ఎట్లా కూలిపోయిందన్నది నా విషయం. తిరుపతి యూనివర్సిటీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు సెలవుల్లో ఐరాల వసారాలో పరుచుకొని కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం పెదనాయన వచ్చి ఒక పుస్తకం చేతికి తీసుకున్నాడు. ఇంగ్లీషు రాదు, ఫొటోలు చూస్తున్నాడు. ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. కడుపు దాకా బురదలో కూరుకుపోయిన గుర్రం, దాని వెనక బండి, పక్కన చేతులు వేలాడేసుకొని నిలబడిన ముగ్గురు సిపాయిలు. ఇది మోటార్ల సైన్యమని చెప్పావు కదా అని అడిగాడు. ముందు నడిచేవే మోటార్లని, వెనక సామాను లాగింది ఎక్కువ గుర్రాలేనని, లక్షల గుర్రాలను తీసుకుపోయారని చెప్పాను. యాడి గుర్రాలన్నాడు. గెలిచిన దేశాల్లో రైతుల దగ్గర లాక్కున్నవీ ఉన్నాయన్నాను.

ఆయన ఆ గుర్రం మెడ వైపు, రొమ్ము వైపు చాలాసేపు చూశాడు.

"ఇది సేద్యం గుర్రం పాపా. ఒళ్ళు పెద్దది, తిండి ఎక్కువ. ఇంత దూరం దీనికి మేతెవురు మోసినారు?"

నాకు తెలియదు. మూడేళ్ళుగా చదువుతున్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆయన నేల మీద చొప్ప పుల్లలు పెట్టి చూపించాడు. మేత మోసే గుర్రం కూడా మేత తింటుంది. ఒక రోజు దారి అయితే మోసిన దాంట్లో కొంచెం తింటుంది. దారి పెరిగేకొద్దీ తినేది పెరుగుతుంది. ఒక దూరం దాటితే అది మోసేదంతా దాని కడుపుకే సరిపోతుంది. ఆ పైన పోయే గుర్రం పటాలానికి ఏమీ తీసుకుపోవడం లేదు, ఊరికే నడుస్తోంది. ఇది చెప్పి, పుల్లలు ఏరి ఆవు ముందు పడేసి వెళ్ళిపోయాడు.

తిరుపతికి పోయి మళ్ళీ వెతికాను. అంతా ఉంది. నేనే చూడలేదు. రష్యాలో రైలు పట్టాల వెడల్పు వేరు, జర్మనీ రైళ్ళు ఆ పట్టాల మీద నడవవు. వానకు దారులు బురదయ్యాయి. గడ్డి అందక సిపాయిలు పల్లెల్లో ఇళ్ళ పైకప్పుల గడ్డి పీకి గుర్రాలకు వేశారు. మనుషుల తిండిగింజలు కూడా ఊడ్చుకుపోయారు. చలికాలంలో కప్పు లేకుండా మిగిలిన ఆ పల్లెల వాళ్ళలో ఎందరో అడవి పట్టి, వెనక నుంచి రైళ్ళు పేల్చారు. ఇది చదివి వినిపిస్తే పెదనాయన తల ఊపాడు. ఆకలయిన పటాలం కంటే చెడ్డది లోకంలో లేదన్నాడు.

ఆ తర్వాత సెలవుల్లో జరిగిందే నేను అసలు చెప్పాలనుకున్నది. అప్పటికి ఇంకొకటి చదివాను. సామాను పంపే అధికారులు యుద్ధానికి ముందే లెక్క వేసుకున్నారు. ఫలానా దూరం దాటితే తిండీ, మోటార్లకు నూనే అందవని వాళ్ళకు తెలుసు. అయినా పై వాళ్ళకు నచ్చే విధంగా కాగితాలు సర్దారు. ఆ దూరం చేరేలోపే శత్రువు పడిపోతాడని అనుకున్నారు. నియంత ముందు నిలబడి ఇది కుదరదని గట్టిగా అన్నవాడు లేడు. నాకు చాలా కోపం వచ్చింది. చొప్ప నరుకుతున్న పెదనాయన దగ్గర నిలబడి ఆ అధికారుల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పిరికివాళ్ళన్నాను. అన్నీ తెలిసి నోరు మూసుకున్నవాడు చంపినవాడితో సమానమన్నాను.

ఆయన కొడవలి పక్కన పెట్టి లోపలికి పోయాడు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం తానే పిలిచి, కొట్టం ముందు రాతి మీద కూర్చోమన్నాడు.

పటాలం సంగతి మొదటిసారి చెప్పాడు. అది యుద్ధకాలం కాదు. చలికాలం మొదట్లో, దారి మంచుతో మూసుకుపోయే లోపల కొండ మీది కాపలా ఠాణాకు సామాను చేర్చాలి. ఐదుగురు మనుషులు, ఒక్కొక్కరికి రెండేసి కంచరగాడిదలు. అప్పటికే మూడు రోజులు ఎక్కారు, రెండు రోజులుగా సగం దాణా. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఇంకా పైనున్న శిఖరం మీద కూడా ఒక ఠాణా వేద్దామనుకున్నాడు. చెడ్డవాడు కాదట, ఉత్సాహం ఉన్న మనిషి. జంతువుల గురించి ఎక్కువ తెలిసినవాడని మా పెదనాయన్ని పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ అడిగాడు, ఇవి ఇంకొక రోజు దారి పోగలవా అని. ఆ పొద్దున్నే పెదనాయన అన్నింటినీ తడిమి చూసి ఉన్నాడు. రెండింటికి జీను కింద పుండ్లు. ఒకటి దాణా ముట్టడం మానేసి మంచు నాకుతోంది.

"నాకు తెలుసు పాపా, పోలేవని. అనుకోవడం కాదు, తెలుసు. అంత పెద్దాయన నన్ను అడిగినాడే అని ఒగ సంతోషం. లేదంటే మొకం సిన్నబుచ్చుకుంటాడని ఒగ భయం. పోతాయి సాబ్ అంటిని."

ఆ ఐదుగురిలో పుత్తూరు వైపు మనిషి ఒకడున్నాడు. ఆ గుంపులో తెలుగు మాట్లాడేది వీళ్ళిద్దరే. మంచు నాకిన జంతువు అతనిదే. మరుసటి రోజు మధ్యాహ్నం సన్నటి దారిలో అది పడుకుండిపోయింది. లేపడానికి అతను తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకొని లాగాడు. అట్లా చుట్టకూడదని అందరికీ నేర్పిస్తారు, కానీ చేతులు మొద్దుబారిపోతే తాడు నిలవదు. అది లేవబోయి లోయలోకి జారింది, తాడుతో అతన్నీ లాక్కుపోయింది. పెదనాయన పది అడుగుల వెనక ఉన్నాడు. అతను అరవను కూడా లేదట.

విచారణ జరిగింది. అందరినీ పిలిచి అడిగారు. ఆఫీసరు తప్పు తనదే అన్నాడు గానీ పై వాళ్ళు ఒప్పుకోలేదు, మంచు ఎక్కువగా పడిందని రాసుకున్నారు. పోతాయని ఎవరు చెప్పారని పెదనాయన్ని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"కాగితంలో మంచు అని రాసినారు. మంచు కాదు. నేను. నీ పుస్తకంలో కూడా వాళ్ళు చలికి ఓడిపోయినారని రాసుండారే, నువ్వు సదివి ఇనిపించినప్పుడు నాకు అదే గుర్తొచ్చె."

నేను రెండు రోజుల కిందట అన్న మాటలు నా నోట్లో మేకుల్లా తగిలాయి. క్షమించమని అడగబోయాను. నువ్వు చెప్పింది తప్పు కాదు పాపా అన్నాడు. పటాలం నుంచి వచ్చేశాక ఒకసారి పుత్తూరు పోయాడట. ఆ తల్లి మజ్జిగ ఇచ్చి, మంచు తీసుకుపోయిందంట కదా నాయనా అన్నదట. అవునని తల ఊపి వచ్చేశాడు. మళ్ళీ ఆ ఊరి బస్సు ఎక్కలేదు. చేయి విరిగినప్పుడు కూడా, ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరే పొమ్మని అందరూ అన్నా, చిత్తూరు ఆసుపత్రికే పోయాడు. ఆ చేయి కొంచెం వంకరగానే అతుక్కుంది.

మేమిద్దరం పుత్తూరు పోయింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, ఆయనకు డెబ్బై దాటాయి. ఒకనాడు తానే, నన్ను పిలుచుకొని పోతావా పాపా అన్నాడు. తల్లి పోయి చాలా కాలమైంది. చెల్లెలు ఉంది, ఆమె కూడా ముసలిదే. మా అన్నతో ఉన్నవాళ్ళా అని లోపలికి పిలిచి చాప వేసింది. పెదనాయన కూర్చోలేదు. నిలబడే, నాకు చెప్పినట్టే మొత్తం చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు.

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది. అంతా అయ్యాక కొంగు వదిలేసి అన్నది.

"మా యమ్మ కూటికి లేకనే వాడిని పటాలానికి పొమ్మన్నది. సచ్చేదాకా నేనే పంపిస్తిని, నేనే సంపుకుంటిని అని ఏడ్సింది. నువ్వు ఈ మాట అప్పుడే సెప్పింటే, నిన్ను తిట్టుకోని అయినా కొంచెం నిద్దర పోయిండేది కదన్నా."

పెదనాయన చేతులు జోడించాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. మేము వాకిలి దాటాక తలుపు దగ్గరికి వేసుకున్న చప్పుడు వినిపించింది.

తిరుగు బస్సులో చిత్తూరు వచ్చేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. బస్టాండులో దిగాక, చెప్పినాక తేలికవుతుందంటారు, నాకేమీ తేలిక కాలేదన్నాడు. కొంచెం ఆగి, అయినా చెప్పాల, ఆలస్యమైతే ఇంకా చెప్పాల అన్నాడు.

జర్మనీ ఎందుకు ఓడిపోయిందంటే నా విద్యార్థులు గైడు చూసి కారణాలు వరసగా రాస్తారు. రెండు వైపులా యుద్ధం, నూనె కొరత, చలి. అవన్నీ నిజాలే, మార్కులు వేస్తాను. కానీ ఆ పాఠం చెప్పేటప్పుడు గుర్రాల దగ్గర మొదలుపెడతాను. గెలుపు మీద గెలుపు వచ్చినవాడి ముందు కాదనడం ఎంత కష్టమో చెబుతాను. పోతాయి సాబ్ అన్న మనిషి నా ఇంట్లోవాడని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆయన ఉంటే కాదనడు.

ఆయన పోవడానికి రెండు వారాల ముందు ఐరాల వెళ్ళాను. చూపు బాగా మందగించింది. పెద్ద అట్లాసు ఒకటి నా సంచిలో ఉంటే తెరవమన్నాడు. వాళ్ళు బయలుదేరిన సరిహద్దు ఎక్కడ, చేరాలనుకున్న నగరం ఎక్కడ అని అడిగాడు. ఆయన చూపుడువేలు పట్టుకొని సరిహద్దు మీద పెట్టాను. పట్టాలు ఎక్కడిదాకా పనికొచ్చాయి, బురద ఎక్కడ మొదలైంది అని అడుగుతూ, మేత లెక్క వేసుకుంటున్నట్టు వేలును కొంచెం కొంచెంగా తూర్పుకు జరిపాడు. తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. నగరం ఇంకా నాలుగు వేళ్ళ దూరం ఉందనగా ఆ వేలు ఆగింది. ఇంకా జరుపుతాడేమోనని చూశాను. జరపలేదు. ఏ ఊరి పేరూ అచ్చువేయని ఆ తెల్లటి చోట అది చాలాసేపు అక్కడే ఉండిపోయింది.