ఖాళీగా ఉంచిన నాలుగో నంబరు

మొన్న సోమవారం పొద్దున ల్యాబులో రక్తం సీసాలు సర్దుకుంటుంటే బడంగ్‌పేట్ నుంచి ఫోన్ వచ్చింది. "నాయిన పోయిండక్కా" అంది అవతలి అమ్మాయి. మా కంప్యూటర్లు బాగుచేసే బాబాయిగారి కూతురు. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. నిజం చెప్పొద్దూ, ముందు భయమేసింది. చేతిలో ఉన్న సీసా మీద పేరు చదివాను. మళ్లీ చదివాను. పక్కన పెట్టి మూడోసారి కూడా చదివాను. ఇకమీదట ఏదైనా తేడా వస్తే ఎవరి దగ్గరికి పరిగెత్తాలి?

బాబాయిగారని నేనంటాను గానీ మాకు చుట్టరికమేమీ లేదు. మాది తెనాలి వైపు. పెళ్లయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి చిన్న రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. ఆయనది తాతల నాటి నుంచీ బడంగ్‌పేటే. మా ల్యాబు వెనక సందులో ఆయన దుకాణం. టీవీలు బాగుచేస్తూ చేస్తూ కంప్యూటర్లలోకి దిగారు. వీధంతా కాకా అని పిలిచేది. నేను బాబాయిగారూ అంటే, గారు ఎందుకు బిడ్డా, నేనేమన్నా కలెక్టర్నా అని నవ్వేవారు.

మా ల్యాబులో మూడు మెషీన్లు. ఒకటి రక్తకణాలు లెక్కపెట్టేది, ఒకటి షుగరూ కొలెస్ట్రాలూ చూసేది, మూడోది సోడియం, పొటాషియం చూసేది. మూడూ తమ ఫలితాన్ని సీరియల్ కేబుల్ గుండా కంప్యూటర్‌కి పంపాలి. మా ముసలి కంప్యూటర్ వెనక ఆ కేబుల్ పట్టే పోర్టు ఒక్కటే ఉంది. ఒకటి పీకి ఇంకోటి గుచ్చీ గుచ్చీ పిన్నులు వంగిపోయాయి. అప్పుడు బాబాయిగారు ఒక రేకు డబ్బా తెచ్చారు. ముందువైపు తిప్పే నాబ్, దాని చుట్టూ ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. నాబ్ ఏ అంకె మీద ఉంటే ఆ మెషీన్ పంపింది కంప్యూటర్‌లోకి వస్తుంది. నాలుగో దానికి మాత్రం ఆయన ఏ వైరూ పెట్టలేదు, ఖాళీగా ఉంచారు.

రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు మా దగ్గర ఆగేవారు. టీ తాగి, నాబ్‌ని ఒకటికి తెచ్చి, అక్కణ్ణుంచి టక్, టక్, టక్‌మని నాలుగుకి తిప్పేవారు. చెయ్యి తీసేసి ఒక్క క్షణం దాని వంక చూసి వెళ్లిపోయేవారు. ఎందుకండీ అంటే, ఇక ఎవ్వలూ దానికేం చెప్పరు, పండుకోనియ్యి అనేవారు. నాకు నేర్పిన సూత్రం ఒక్కటే. ముందుగాల తెరమీద పేషెంటు పేరు మూయి, ఆ తర్వాతనే నాబ్ తిప్పు, తిప్పినంక కొత్త పేరు తెరువు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారంలో ఏదో ఒకనాడు బంద్. బయట నోరెత్తకు, నీ మాటతోనే దొరికిపోతావ్ అని మా ఆయన రోజూ జాగ్రత్తలు చెప్పేవాడు. అద్దం ముందు నిలబడి "ఏంది, ఎట్ల" అని సాధన కూడా చేశాను. నా నోట్లో అవి ఎంత చక్కగా పలికేవంటే, మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అలాంటి ఒక బంద్ రోజు ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. పొద్దున ఒక కిడ్నీ పేషెంటు రక్తం మూడో మెషీన్‌లో పరీక్షించాను, నాబ్ అప్పుడు రెండు మీద ఉంది. తర్వాత ఎల్‌బీ నగర్‌లోని ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఒకాయన తన మామగారి రక్తం పట్టుకుని నడిచొచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు, తొందరపెడుతున్నాడు. బయట నినాదాలు. ఆ కంగారులో సూత్రం తిరగబడింది. ముందు పేరు తెరిచేశాను, ఆ తర్వాత నాబ్ తిప్పాను. తిప్పీ తిప్పగానే ఫలితం వచ్చి ఆ పేరు కింద కూర్చుంది. పొటాషియం ఆరు పాయింట్ ఏడు. ఇంత త్వరగా ఎలా వచ్చిందా అని కూడా అనుకోలేదు, నా తెలివి మండా. ప్రింటు తీసి ఇచ్చేశాను, ఆయన అక్కణ్ణుంచే నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేసి అంకె చదివి చెప్పి వెళ్లిపోయాడు. కాసేపటికి మెషీన్ తన చిన్న కాగితపు ముక్కను బయటికి తోసింది. మామగారి అసలు ఫలితం అది. మూడు పాయింట్ ఒకటి.

నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. రెండు కాగితాలూ పట్టుకుని వెనక సందులోకి పరిగెత్తాను. బాబాయిగారు వాటిని చూసి తెల్లబోయారు. నాబ్ వేరే అంకె మీద ఉన్నప్పుడు పంపిన ఫలితం కంప్యూటర్‌కి చేరదట. మెషీన్ దాన్ని దాచుకుని, నాబ్ తనవైపు తిరగ్గానే మళ్లీ పంపుతుందట. అప్పుడు ఎవరి పేరు తెరిచి ఉంటే వాళ్ల కింద పడుతుంది, ఏ పేరూ తెరిచి లేకపోతే ఎక్కడా పడదు. కిడ్నీ పేషెంటుది ఈ పెద్దాయన పేరు మీద పడింది.

"నాకెరికే బిడ్డా. చెప్తే నువ్వు బుగులు పడతవని చెప్పలె" అన్నారు. బుగులంటే వాళ్ల మాటలో భయం. స్కూటర్ తీశారు.

చైతన్యపురి దాటేదాకా రోడ్డంతా నిర్మానుష్యం. కొత్తపేట దగ్గర రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి జనం వంట చేస్తున్నారు, రోడ్డు మీదే వండుకు తినే నిరసన. "నువ్వు నోరు తెరువకు, నేను మాట్లాడుత" అన్నారు బాబాయిగారు వెనక్కి తిరక్కుండా. చుట్టూ పాతికమంది మూగారు. దవాఖానకి పోవాలె, రిపోర్టు తప్పు వచ్చింది అని ఆయన చెప్పారు. ఏం రిపోర్టు, ఏం తప్పు అని ఒకతను నిలదీశాడు. బాబాయిగారికి వైర్లు తెలుసుగానీ పొటాషియం గురించి ఏం తెలుసు? ఆయన తడబడ్డారు. అందరూ నావైపు చూశారు.

అద్దం ముందు నేర్చుకున్న ముక్క ఒక్కటీ గుర్తురాలేదు.

"తప్పు నాదేనండీ. ఆయనకి పొటాషియం తక్కువుంది, నేను ఎక్కువని రాసిచ్చాను. దాన్ని దించే మందు ఎక్కిస్తే గుండె ఆగిపోతుందండీ."

అచ్చం మా తెనాలి మాట, రెండు 'అండీ'లతో సహా. అన్నం కలుపుతున్న ఒక పెద్దావిడ గరిటె పక్కన పెట్టి, జరుగుండ్రి అంది. ఇద్దరు మగవాళ్లు గోనెసంచులతో పట్టుకుని, ఉడుకుతున్న గుండిగను పక్కకి దించారు. ఆ సందులోంచి స్కూటర్ వెళ్లింది.

మేం వెళ్లేసరికి పెద్దాయనకి సెలైన్ పెట్టేశారు, మందు దిగడం మొదలైంది. నర్సు నా చేతిలో కాగితం చూసి, నా మొహం చూసి, గొట్టం బిగించి మందు ఆపేసింది. డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి, సాయంత్రం దాకా ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు. బతికారు. ఆ అల్లుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది.

బయటికొచ్చి బాబాయిగారు స్కూటర్ కిక్ కొట్టారు. బండి అందుకోలేదు. మళ్లీ కొట్టారు, కాలు జారింది. అందాకా ఆయనకి భయమంటే తెలియదనుకున్నాను.

"నాకు రోజూ బుగులే బిడ్డా. గందుకే నాలుగో నంబరు ఖాళీగ పెట్టిన" అన్నారు. "నీకు బుగులు పోయిన్నాడు ఈ పని ఇడిసిపెట్టు."

తిరిగొస్తుంటే కొత్తపేటలో ఆ పెద్దావిడ బతికిండా అని అడిగింది. బతికారండీ అన్నాను. విస్తరి తెచ్చి నా చేతిలో పెట్టింది. అన్నం వేడికి చెయ్యి కాలుతున్నా దించలేదు.

వారం తిరక్కుండానే కంప్యూటర్‌లో ఆయన మూడు పోర్టుల కార్డు బిగించారు. ఏ మెషీన్‌కి ఆ పోర్టు, తిప్పే పనే లేదు. డబ్బా కూడా పట్టుకుపోయారు, నా కళ్లముందు ఉండకూడదని. అయినా ఇన్నేళ్లుగా నేను ముందు పేరు మూస్తాను. ప్రతి కాగితపు ముక్కనీ తెరమీది అంకెతో సరిచూస్తాను. కొత్తగా చేరినవాళ్లకి సూత్రం చెప్తాను, ఎందుకో కూడా చెప్తాను. వాళ్లు భయపడతారు. పడనీ.

నిన్న బడంగ్‌పేట్ వెళ్లాను. ఆస్పత్రిలో చివరి రెండ్రోజులూ మాట లేదంది కూతురు. కుడి చెయ్యి మాత్రం దుప్పటి మీద ఏదో పట్టుకుని తిప్పుతూనే ఉందట. టీవీ అనుకున్నం అక్కా, రేడియో అనుకున్నం, సమజ్ కాలె అంది.

ఎలా తిప్పారో చూపించమన్నాను. ఆ పిల్ల నా మోకాలి మీద వేళ్లు పెట్టి కుడివైపుకి తిప్పింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అక్కడ ఆగి, చెయ్యి తీసేసింది.