లీటరు రెండు వందల యాభై

ఒక అంకె ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. దాన్ని మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

పాతబస్తీ వార్తలు రాయడం నా పని. ఒక ఏడాది వానలకు మూసీ పొంగి పురానాపూల్ వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ట్యాంకుల్లోకి నీళ్లు చేరి పెట్రోలు బంకులు మూతపడ్డాయి. మా లాల్‌దర్వాజా గల్లీ చివర కిరాణా సేటు మంచినీళ్ల సీసాల్లో పెట్రోలు పోసి అమ్ముతున్నాడు. పోతూ పోతూ చూశాను. వాన జోరుగా ఉంది. బండి ఆపలేదు. ఎంతకిస్తున్నావని అడగలేదు.

సాయంత్రం వార్త పంపాక డెస్క్ నుంచి ఫోన్. బ్లాకులో అమ్ముతున్నారని రాశావు, రేటేదీ అన్నారు. తెలియదు అనడానికి నోరు రాలేదు. అన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మాట ఎలా అంటాను? లీటరు రెండు వందల యాభై అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందా అంకె? నమ్మేలా ఉండాలి, చదివినవాడికి మండాలి. బహుశా అంతే. తెల్లారి అదే శీర్షిక. కింద నా పేరు లేదు.

ఆ పొద్దున నా బండికీ పెట్రోలు కావాల్సి వచ్చి సేటు దగ్గరికే వెళ్లాను. ఎదురింటి యాదగిరి అప్పటికే అక్కడున్నాడు. ఆటో నడుపుతాడు. భార్య లక్ష్మికి కిడ్నీలు పాడయ్యాయి. ఆ రోజు ఆమెను డయాలసిస్‌కు మూసీ అవతలి ఆసుపత్రికి తీసుకుపోవాలి. వంతెన మూసేశారు గనక చాలా దూరం చుట్టి పోవాలి.

"నిన్న నూట ముప్పైకి ఇచ్చినవ్ గద సేటూ!"

"నిన్నటి ముచ్చట నిన్ననే. గిది సూడు, పేపర్ల ఏసిండ్రు." సేటు పేపరు మడిచి గల్లాపెట్టె మీద కొట్టాడు. "అందరు రెండు వందల యాభైకి అమ్ముతుంటే, నేనొక్కన్నే పాగల్‌గాని లెక్క తక్కువకిస్తనా?"

"పేపర్ల బంగారం రేటు గూడ ఉంటది. అది గూడ సీసల వోసి అమ్ముతవా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పుడు యాదగిరి నన్ను చూశాడు. "అన్నా, మంచిగొచ్చినవ్. నువ్వు పేపరోనివి గద, నువ్వు జెప్పు. నిజంగ గిదే రేటా?"

ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు. కానీ కాదంటే పేపర్లో ఎందుకు వేశారంటారు, ఎవరు రాశారంటారు, అది నేనేనని ఆ పదిమంది ముందు తేలుతుంది. ఇంత లెక్క ఒక్క క్షణంలో వేశానా? వేశాను.

"అంతట గదే నడుస్తున్నది, యాదగిరీ."

"నువ్వు జెప్పినంక ఇంకేముంటది" అని జేబులో ఉన్నదంతా తీసి ఇచ్చాడు. అర లీటరు వచ్చింది.

సగం దారిలో, నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఆటో ఆగిపోయింది. లక్ష్మిని లోపల కూర్చోబెట్టుకునే వెనక్కి తోసుకొచ్చాడు. డయాలసిస్ జరగలేదు. మర్నాడు ఆమె ఊపిరందక చనిపోయింది.

ఆ ఒక్క పూట తప్పడమే కారణమా? తెలిసిన డాక్టరును అడిగాను. అలా చెప్పలేం అన్నాడు. ఆ 'చెప్పలేం' వెనక చాలా కాలం దాక్కున్నాను. ఆమెకు ఎలాగూ ఎక్కువ రోజులు లేవని, నేను కాకపోతే ఇంకెవరో ఆ రేటు పెంచేవారని, తప్పు సేటు దురాశదే గాని నాది కాదని, వార్తలు రాసినంత తేలిగ్గా నాకు నేను రాసుకున్నాను.

వార్త చూసి అధికారులు వచ్చి సేటు సీసాలు ఎత్తుకుపోయారు. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. అది రాసింది నేనేనని యాదగిరికీ తెలిసింది. ఇంకా గుండుతోనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, మా గోస మంచిగ రాసినవన్నా అన్నాడు. అప్పటి నుంచి నా దగ్గర కిరాయి తీసుకోడు.

నిన్న కూడా దబీర్‌పురా స్టేషన్ దాకా అతని ఆటోలోనే వెళ్లాను. డబ్బులిస్తే ఎప్పటిలాగే చెయ్యి పక్కకు నెట్టాడు. చెబుదామని నోరు తెరిచాను. వెనక ఎవరో హారన్ కొట్టారు. అతను వెళ్లిపోయాడు.

అతనికి చెప్పలేక మీకు చెబుతున్నాను. ఇది పిరికితనమని తెలుసు. అయినా ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాయనివ్వండి. నేను ఆ వార్త రాసిన రోజు మా గల్లీలో పెట్రోలు రెండు వందల యాభైకి ఎవరూ అమ్మలేదు. ఎవరినీ అడగకుండా నేనే రాశాను.