మాంసం గిన్నెలో రెండు చెంచాల పాలు

నాలుగేళ్లుగా ఒక పాపాన్ని ఒంటరిగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది గుంటూరు వైపు. మా పేటలో కొన్ని ఇళ్లవాళ్లం యూదులం. శనివారం పొయ్యి వెలిగించం. మాంసంలో పాలు కలపం, అది మాకు నిషిద్ధం. దుబాయ్‌లో యూదులు బాహాటంగా పండగలు చేసుకుంటున్నారని విని, వాళ్లు భోజనాలు పెట్టే ఒక విల్లాలో వంటపనికి చేరాను. మనవాళ్ల మధ్య ఉంటాను కదా అనుకున్నాను.

మా శనివారం మొదలయ్యే శుక్రవారం సాయంత్రం ఏ దేశపు ప్రయాణికుడు గడప తొక్కినా, ఇంటాయన చేతులు చాచి "రండి, ఇది మీ ఇల్లే" అనేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ఆరు నెలలు చూసి, ఒకరోజు వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేశాను.

"సార్, నేనూ యూదురాలినే. ఒక్క శుక్రవారం మీతో కూర్చుంటాను."

ఆయన నవ్వాడు. "యూదురాలివని కాగితం ఏమైనా ఉందా? మీవాళ్లను ఎవరైనా గుర్తించారా?"

"లేదు సార్."

"సరే, కనుక్కుంటాను. ముందు ఆ పళ్లేలు బయటికి పంపు."

తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. ఆ నవ్వు మాత్రం పనివాళ్లుండే అల్ వర్సాన్‌లో మా గదిదాకా నాతో వచ్చింది.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం వంటమనిషి మస్తాన్ భాయ్ నమాజుకు వెళ్లాడు. మాంసం వండే చోటికి రానివ్వకుండా పనివాళ్ల టీకి బయట ఉంచే పాలు ఏప్రాన్ కింద దాచి తెచ్చి, ఉడుకుతున్న మాంసంలో రెండు చెంచాలు పోశాను. తినండి, కాగితాలున్న వాళ్లందరూ తినండి అనుకున్నాను. ఈ దేశం వచ్చాక అంత సంతోషం ఎన్నడూ ఎరగను.

పొద్దు వాలుతుండగా ఇంటాయన వంటింట్లోకి వచ్చాడు.

"మీ ఊరి సంగతి తెలిసినవాళ్లను అడిగాను. నిన్ను కాగితం అడగడం నా తప్పు. నా భార్య పక్కన నీకు కుర్చీ వేయించాను, రా."

"యల్లా అక్కా, పో! ఇక్కడ నేను చూసుకుంటాలే," అన్నాడు మస్తాన్ భాయ్.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? పని పోతుందనా? కాదు. ఆ కుర్చీ పోతుందని. ఇంటామె తన చేత్తో నాకు మాంసం వడ్డించింది. తిన్నాను. నన్ను ఏనాడూ కాగితం అడగని ముసలివాళ్లు, దారిన పోతూ ఒక్కపూట మనవాళ్లతో తిందామని వచ్చిన ప్రయాణికులు, పాటలు పాడుకుంటూ తమకు తెలియకుండానే నిషిద్ధం తింటుంటే, వాళ్ల మధ్యే కూర్చుని నమిలాను.

నెల తిరక్కుండా పని మానేశాను. ఇప్పుడు దుబాయ్ వదిలి ఫుజైరాలో ఉంటున్నాను. ఆయన తన తప్పు ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. పశ్చాత్తాపమా ఇది? ఆయన నవ్వు తలుచుకుంటే, పోసి మంచిపనే చేశాననిపిస్తుంది. ఆమె వడ్డించిన చెయ్యి తలుచుకుంటే తిండి సహించదు. క్షమించమని అడగను. ఆ పాలు పోసింది నేనే. ఇన్నాళ్లకు ఆ ఒక్క మాటా బయటికి అన్నాను.