పాయింట్ల కోసం పడుకున్న జీపులు

ఆ రోజుల్లో ఒంగోలు చుట్టుపక్కల గ్రానైటు కంపెనీ జీపు రాత్రిపూట ఎక్కడ ఉండాలో ఓనరు కాదు, డ్రైవరే చెప్పేవాడు. క్వారీ పని ముగిశాక బండి డ్రైవరు ఊరికి వెళ్ళి అతని ఇంటి ముందే ఆగేది. తెల్లారాక దారిలో చెయ్యెత్తిన కంపెనీ మనుషులందరినీ ఎక్కించుకుని మళ్ళీ పనిలోకి వచ్చేది. ఆ పద్ధతి ఎవరూ పెట్టలేదు, ఎవరూ కాదనలేదు. చీమకుర్తి దాటాక దర్శి వైపున్న మా ఊరి నుంచి వచ్చే జీపులో ముందు సీటు నాది (కొత్తగా ఇంజనీరింగు పాసైనవాణ్ణి, ముందు సీటు నా చదువుకిచ్చిన గౌరవం అనుకునేవాణ్ణి). వెనక పాలిషింగ్ యూనిట్లో పనిచేసే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యలో మా పిన్ని. మా ఆఫీసు ఊడ్చి తుడిచేది పిన్నే. స్టాఫ్ వచ్చేలోపు ఆ పని అయిపోవాలి. మా ఊరికి బస్సు తీరిగ్గా వచ్చేది, ఒక్కోరోజు అసలు వచ్చేదే కాదు. జీపు లేకపోతే ఆవిడకి ఆ ఉద్యోగం లేదు, బాబాయి పోయాక ఆ ఇంటికి వేరే ఆధారమూ లేదు.

అలాంటి సమయంలో కొండల్ని కోసి ఓడలెక్కించే మా కంపెనీకి పర్యావరణం మీద ప్రేమ పుట్టింది. కొత్త ఆఫీసుకి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఉంటే విదేశాల్లో రాయి కొనేవాళ్ళు సంతోషిస్తారట. ఆ పని నాకు అప్పగించి, "సర్టిఫికెట్టు తెప్పించవయ్యా, నిన్ను పర్మనెంట్ చేస్తా" అన్నారు ఓనరుగారు. ఆఫీసంతా నన్ను పచ్చబాబు అనడం మొదలుపెట్టింది. వెక్కిరింతని తెలియక నేను మురిసిపోయాను కూడా.

హైదరాబాదు నుంచి ఒక సలహాదారు వచ్చారు. సర్టిఫికెట్టు రావాలంటే ఇన్ని పాయింట్లు రావాలట, ఆయన నోట పాయింటు తప్ప వేరే మాట రాదు కనక పాయింట్ల సారు అనేవాళ్ళం. పార్కింగు ఎంత తక్కువుంటే అంత మంచిదన్నారు. కంపెనీ పనికి మాత్రమే తిరిగే బండ్లు ఆ లెక్కలోకి రావు. అదే బండిలో ఉద్యోగి ఇంటికెళ్ళి వస్తే మాత్రం పార్కింగు లెక్కలోకి వస్తుంది. "మీ జీపులు ఇళ్ళకి పోతున్నాయండీ. అందుకే లెక్క దాటుతోంది" అన్నారు.

"ఒక్కో జీపులో బోలెడుమంది వస్తారు కదండీ, దానికి పాయింటు లేదా?" అన్నాను.

"ఉంది. కానీ అందులో క్వారీవాళ్ళు, పాలిషింగ్ వాళ్ళేగా ఎక్కువ. వాళ్ళు ఈ బిల్డింగు మనుషులు కారు."

ఓనరుగారు విసుక్కున్నారు. "ఎందుకొచ్చిన గోల. రేపట్నుంచి జీపులు ఇక్కడే పడుకుంటాయి. తాళాలు వాచ్‌మన్‌కిచ్చి పొండి." ఆ మాటతో నేను ఎక్కొచ్చే జీపుని నేనే ఆపించుకున్నవాణ్ణయ్యాను.

జీపులు హాయిగా పడుకున్నాయి. వాటి బదులు మోటారు సైకిళ్ళు లేచాయి. డ్రైవర్లు, గుమాస్తాలు, మామయ్య పాత బండి అడుక్కుని నేను, తలా ఒకటి వేసుకుని పొగ కక్కుకుంటూ రావడం మొదలుపెట్టాం. అవి లోపల పెడితే మళ్ళీ లెక్క చెడుతుందని ఎదురుగా చర్చి ఆవరణలో పెట్టేవాళ్ళం. పాస్టరుగారు మంచాయన. "శుక్రవారం మాత్రం ఉపవాస ప్రార్థనండీ, ఖాళీ చెయ్యాలి" అన్నారంతే. సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళ తనిఖీ సరిగ్గా శుక్రవారమే పడింది. ఆ ఉదయం బండ్లన్నిటినీ తోసుకెళ్ళి, వెనకవైపు మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలో దాచాం.

తనిఖీ ఆయన గేటు దగ్గర నిలబడి, "మీ స్టాఫ్ ఎలా వస్తారు?" అని అడిగారు. ఓనరుగారు నా మొహం చూశారు, నేను నేల చూశాను. అప్పుడే రోడ్డు మీద క్యారేజీ పట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని పిన్ని వస్తోంది. బస్సు రాక, సగం దూరం ఎవరి ట్రాక్టరో ఎక్కి, మిగతాది నడిచి వస్తోంది.

"ఆవిడ మీ స్టాఫేనా? నడిచే వస్తారా?"

"రోజూనండి" అన్నారు ఓనరుగారు. ఆయన మొహం వెలిగిపోయింది.

తనిఖీ ఆయన ఫోను తీసి, "కొంచెం నవ్వమ్మా" అన్నారు.

"నన్నెందుకురా ఫొటో?" పిన్ని నన్ను అడిగింది.

"నడిచొచ్చావు కదా పిన్నీ, అందుకు."

"బస్సు రాకపోతే నడవక ఏం చేస్తార్రా" అంది. అయినా పెద్దమనిషి అడిగాడని నవ్వింది.

ఆ సాయంత్రం కళ్ళంలోంచి బండ్లు తీసి ఎక్కితే సీట్ల నిండా కారం. కళ్ళు తుడుచుకున్నకొద్దీ మండాయి. పర్యావరణం కోసం మా కంపెనీ కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

సర్టిఫికెట్ వచ్చింది, నన్ను పర్మనెంట్ చేశారు. రోజూ ఆలస్యంగా వస్తోందని పిన్నిని మాన్పించారు. పరుగున వెళ్ళి ఓనరుగారిని బతిమాలాను. "జీపులు మళ్ళీ తిప్పమంటావా? సర్టిఫికెట్టు పోతే నువ్వు తెస్తావా?" అన్నారాయన. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ జీతం తీసుకుంటూనే మండింది. పిన్ని మిరప కోతలకు వెళ్ళింది, కూలీలను కుక్కి తీసుకెళ్ళే ఆటోలో. ఆవిడ నవ్వుతున్న ఫొటోని పెద్దది చేయించి సర్టిఫికెట్ పక్కనే హాల్లో తగిలించారు.

ఇప్పుడు నేనూ పాయింట్ల సారునే. ఊరూరా బిల్డింగుల పార్కింగు లెక్కలు చూడటానికి ఒక్కణ్ణే కార్లో తిరుగుతాను. మొన్న ఆ ఆఫీసుకే వెళ్ళాల్సి వచ్చింది. వస్తూ పిన్నిని చూడబోయాను.

"నా ఫొటో ఇంకా ఉందంట్రా?"

"ఉంది పిన్నీ."

"అద్దం మీద దుమ్ము ఊరికే పడుద్దక్కడ, లారీల రోడ్డు కదా. తుడుస్తున్నారా ఎవరన్నా?"

"శుభ్రంగా తుడుస్తున్నారు పిన్నీ" అన్నాను. ఆ అద్దం నేను తుడిచిన చేతిరుమాలు ఇంకా నా జేబులోనే ఉంది, నల్లగా. పచ్చబాబు అన్న పాత పిలుపు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకురా నవ్వుతున్నావంటే చెప్పలేక, ఆవిడ పెట్టిన అన్నం మీదికి తలొంచుకున్నాను.