మెత్తగా తగిలితే వెనక్కే

టమాటా షెడ్డులో అందరూ ఆయన్ని బొటనవేలు అంటారు. చిన్నవాళ్లు మర్యాద కోసం చివర మావయ్య అని తగిలిస్తారు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఇన్ని నెలల్లో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు కాబట్టి, అది ఆయన ట్రంకుపెట్టె అడుగున మంచి చొక్కాతో పాటు మడతపెట్టి ఉంది.

ఆ బిరుదు ఊరికే రాలేదు. బెల్టు మీద టమాటాలు దొర్లుకుంటూ వస్తాయి. కాయని చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాలి. గట్టిగా ఉంటే కుడిపక్క పెట్టెలోకి, అది దూరం వెళ్లే సరుకు. కాస్త లొంగితే ఎడమపక్క పెట్టెలోకి, అది దగ్గర బజార్లకి. వేలు లోపలికి దిగబడితే ఇంక ఆలోచించే పనే లేదు, ఎడమ భుజం మీంచి వెనకున్న డ్రమ్ములోకి విసిరెయ్యడమే. తిరిగి చూడకూడదు. తిరిగిచూసే లోపు చాలా కాయలు దాటిపోతాయి, మేస్త్రి నోట్లోంచి అంతకు రెట్టింపు మాటలు దొర్లుకొస్తాయి.

మావయ్యకి తిరిగి చూడటం సంగతి అటుంచి, ముందుకు చూడాల్సిన అవసరం కూడా లేదు. వేలే చూసుకుంటుంది. వేలు డ్యూటీలో ఉంటే మిగతా మనిషి కళ్లు తెరుచుకునే ఓ కునుకు తీసేస్తాడు. ఇంత సీజనులో ఆ వేలు ఒక్క కాయ కూడా తప్పు చెప్పలేదని ఆయనే గొప్పలు పోతుంటాడు.

చిక్కల్లా ఏంటంటే, పంట సగానికొచ్చేసరికే ఆ వేలు ఆయన మాట వినడం మానేసింది. పొద్దున్నే బన్ను నొక్కుతుంది. స్నానం దగ్గర సబ్బు నొక్కుతుంది. అదే గదిలో పక్క పరుపు మీద పడుకునే లారీ డ్రైవరు బుగ్గ కూడా ఓసారి నొక్కింది. డ్రైవరు ఉలిక్కిపడి లేచి కూర్చుని, "నన్ను ఏ పెట్టెలో వేస్తున్నావ్ మావా? చెప్తే దానికి తగ్గట్టు పడుకుంటా" అన్నాడు.

ఆ రోజు బెల్టుకి ఆఖరి రోజు. కాయలు సన్నబడ్డాయి, మనుషులు అంతకన్నా సన్నబడ్డారు. మేస్త్రి వచ్చి బెల్టు పక్కన నిలబడ్డాడు.

"ఊళ్లకి పోయేవాళ్లు రేపు పొద్దున పోవచ్చు. పక్క షెడ్డులో ఉల్లిపాయల పని మొదలవుతోంది. ఉండేవాళ్లు సాయంత్రంలోగా చెప్పండి. బొటనవేలూ, నిన్నే! ఉంటావా, పోతావా?"

"సాయంత్రం చెప్తాగా!" అన్నాడు మావయ్య. బస్సు టికెట్ అప్పటికే చొక్కా జేబులో ఉంది. మనసు మాత్రం ఎక్కడుందో ఆయనకే తెలీదు.

మధ్యాహ్నం భార్యకి ఫోన్ చేశాడు. ఎప్పుడైనా ఆయనే చెయ్యాలి. ఆవిడ బట్టలు కుడుతుంది, చేతులు ఖాళీ ఉండవు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతుంది. వెనక నుంచి మిషను టకటకమని మోగుతూనే ఉంటుంది.

"ఉల్లిపాయల పనుందంట. మేస్త్రి ఉండమంటున్నాడు."

"ఊఁ."

"టికెట్ అయితే కొనేశాను."

"ఊఁ."

"మరి ఏం చెయ్యమంటావ్?"

"మీ ఇష్టం."

అంతే. మిషను ఒక్క కుట్టు కూడా ఆపలేదు. ఆ మాట పట్టుకుని మావయ్య బెల్టు దగ్గరికొచ్చాడు. మీ ఇష్టం. కోపంతో అందా, ప్రేమతో అందా, సూదిలో దారం ఎక్కిస్తూ పరాకుగా అందా? ఏ కాయ చేతిలో పెట్టినా దాని జాతకం చెప్పెయ్యగలడు. ఈ మాటని ఎక్కడ పట్టుకుని నొక్కాలి?

పోయిన నెల ఇంటికెళ్లినప్పటి సంగతులు గుర్తొచ్చాయి. ఆయన మంచం ఉండే చోట కుట్టుమిషను కూర్చుంది. మంచం వరండాలోకి నడిచింది. కూతురు అటు పోతూ ఇటు పోతూ, "నాన్నా, కాస్త కాళ్లు తీస్తారా?" అని ఎంతో మర్యాదగా అడిగేది. మొదటి రోజు భోజనాల దగ్గర భార్య తనకీ కూతురికీ కంచాలు పెట్టి, ఆయన్ని చూసి, అయ్యో అని నాలుక్కరుచుకుని లేచి ఇంకో కంచం తెచ్చింది. తిట్టినా బాగుండేది.

దానికి తోడు దిండు గొడవ ఒకటి. తలకింద పెట్టుకుందామని దిండు తీశాడు. వేలు నొక్కింది. భుజం మీంచి వెనక్కి పోయింది దిండు. పోయి పోయి, ఎవరికో కుట్టి తగిలించిన పెళ్లి జాకెట్టుని వెంటేసుకుని నీళ్ల బకెట్లో పడింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, కుట్టుమిషను తప్ప.

"వెళ్తున్నావా అన్నయ్యా, ఉంటున్నావా?" బెల్టుకి అవతల నుంచి రేడియో అడిగింది. పొద్దున నోరు తెరిస్తే బెల్టు ఆగేదాకా మూయదని ఆవిడకా పేరు. "ఇంత ఆలోచనేంటి, నేనైతే ఈపాటికి సగం దారిలో ఉండేదాన్ని. టికెట్ కొన్నానన్నావ్, ఏదీ, చూడనీ."

"ఉండు చెల్లెమ్మా" అంటూ మావయ్య జేబులోంచి టికెట్ తీశాడు. పొద్దుట్నుంచి చెమటలో నానిన కాగితం. నాలుగు మడతల మీద ముద్దలా తయారైంది. వేలు దాన్ని నొక్కింది.

మెత్తగా తగిలింది.

ఎడమ భుజం మీంచి అది వెనక్కి ఎగిరిపోయింది. చెయ్యి మళ్లీ బెల్టు మీదికొచ్చి తర్వాతి కాయ అందుకుంది. అప్పుడుగానీ మావయ్యకి ఏం జరిగిందో తెలియలేదు.

రేడియో ఆగిపోయింది. సీజనంతటిలో అదే మొదటిసారి.

"అన్నయ్యా," అంది, "ఇప్పుడు విసిరింది టమాటాయేనా?"

షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రి పొట్ట పట్టుకుని, "అడిగిందానికి వేలే చెప్పేసిందిగా! ఉల్లిపాయలకి ఒకడు ఖాయం!" అని అరిచాడు.

మావయ్య బొటనవేలి వంక చూసుకున్నాడు. గోరు సందులో గింజ ఒకటి ఇరుక్కుని అమాయకంగా ఉంది. ఇది అలవాటు కొద్దీ చేసిన పనా, లేక తీర్పా? ఇన్ని నెలలు తప్పు చెప్పని వేలు ఈ ఒక్కసారి తప్పు చెప్తుందా? నా మనసులో మాట నాకన్నా ముందు దీనికి తెలిసిపోయిందా? ఆలోచిస్తున్నకొద్దీ బుర్ర వేడెక్కింది తప్ప ఏమీ తేలలేదు.

ఇంతలో డ్రైవరు లారీ వెనక్కి తీసుకొచ్చి డ్రమ్ముల దగ్గర ఆపాడు. మెత్త సరుకుని రోజూ పారబోసేది అతనే. దిగి, మావయ్య వెనకున్న డ్రమ్ము అంచు మీద చెయ్యి వేశాడు.

"ఆగు!"

ఆ కేక ఎవరు వేశారో అని మావయ్య కూడా చుట్టూ చూశాడు. తనే. చూసుకునేసరికి డ్రమ్ములో భుజాల దాకా దిగి ఉన్నాడు. వేలు విసిరింది, నోరు అరిచింది, కాళ్లు పరిగెత్తాయి. మధ్యలో ఆయన్ని అడిగిన నాథుడు లేడు.

డ్రమ్ములో ఎక్కడ పట్టుకున్నా మెత్తగానే ఉంది. అంత పేరున్న వేలికి అక్కడ బొత్తిగా పని లేకుండా పోయింది. చివరికి కళ్లతో వెతకాల్సి వచ్చింది, మామూలు మనుషుల్లా. రసం కారుతూ, గింజలు అంటుకుని, టికెట్ దొరికింది. అక్షరాలు సగం అలుక్కుపోయాయి గానీ బస్సు నంబరు చదవడానికి వస్తోంది.

"ఉండిపోయేవాడివి ఇందులోకి ఎందుకు దిగావ్ మావా?" అన్నాడు డ్రైవరు.

"తెలీదురా" అన్నాడు మావయ్య. అబద్ధం కాదు, నిజంగానే తెలీదు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, టికెట్ని గోడ మీద ఆరేసి, మళ్లీ ఫోన్ చేశాడు. మిషను టకటకలాడుతోంది.

"వస్తున్నా" అన్నాడు.

"మీ ఇష్టం."

ఈసారైనా తెలుస్తుందేమోనని మావయ్య ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు. వేలు కూడా తన వంతుగా ఒక నొక్కు నొక్కింది. ఫోను కట్టయిపోయింది.

బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. మళ్లీ చెయ్యాలా? చేస్తే ఏమనుకుంటుంది? చెయ్యకపోతే ఏమనుకుంటుంది? ఈలోగా ఎక్కడో ఫోను మోగింది. ఎవరిదో తియ్యరేంటి అని విసుక్కున్నాడు. మోగుతూనే ఉంది.

"నీ చేతిలోదే అన్నయ్యా!" షెడ్డులోంచి రేడియో కేకేసింది.

నిజమే. ఈ సీజనంతా ఆ ఫోను ఎప్పుడూ మోగలేదు, దాని గొంతు ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు?

"ఎందుకు పెట్టేశారు?" అంది భార్య.

"నేను కాదు. వేలు."

అవతల ఏ చప్పుడూ లేదు. మిషను ఆగిపోయిందని ఆయనకి కాస్త ఆలస్యంగా తట్టింది.

"ఆ వేలికి ఏదైనా చుట్టుకుని రండి" అంది ఆవిడ. "కొత్త దిండు కుట్టాను మీకు."

"మెత్తగా ఉంటుందా?" భయంభయంగా అడిగాడు.

"దిండు మెత్తగా కాక రాయిలా ఉంటుందా? ఏం ప్రశ్న అది!"

మిషను మళ్లీ మొదలైంది. ఫోను మాత్రం ఆవిడ పెట్టెయ్యలేదు. ఇది కోపమా, కాదా? మావయ్యకి ఇప్పటికీ అంతుపట్టలేదు. అంతుపట్టకుండానే ఫోను చెవి దగ్గర పెట్టుకుని, బెల్టు వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, ఓ గుడ్డముక్క ఉంటే ఇటు పడెయ్."