పుంజు మెడలో చీము

దయ్యం, గాలి, చేతబడి అనే మాటలు వింటేనే నాకు ఒళ్ళు మంట. ఆదోనిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మైక్రోస్కోపుకు అందనిది ఏదో ఉందని ఎవరన్నా అంటే వాదనకు దిగే రకాన్ని. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా పుట్టిల్లు కైరుప్పల. ఉగాది వెళ్ళిన మరునాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. ఎండి బిగుసుకున్న పిడక అంచు తగిలితే చర్మం చీలిపోతుంది. రక్తం కారేవాళ్ళు గుడి విభూతి అద్దుకుని ఇంటికి పోతారు, ఆస్పత్రికి పోవడం నామోషీ. మా తమ్ముడు వీరేశ్‌కు ఈ పిచ్చి మరీ ఎక్కువ. పోయిన ఉగాదికి వాడికి చెవి కింద, మెడ మీద దెబ్బ పడింది. వెధవ నవ్వుతూనే ఇంకో పిడక అందుకున్నాడు.

వారం తిరక్కముందే మెడ వాచి నోరు తెరవలేకపోయాడు. ఆదోనిలో ఆస్పత్రిలో చేర్పించాం. డాక్టరు కోత పెట్టగానే చీము ఎగజిమ్మింది. వాడు కేకలు పెడుతూ కాళ్ళు తన్నుకుంటుంటే నలుగురం అదిమి పట్టుకున్నాం.

ఆ చీమును పరీక్షించింది నేనే. స్లైడు నిండా న్యూట్రోఫిల్స్. క్రిముల మీదికి అందరికన్నా ముందు దూకి చచ్చే తెల్లకణాలివి. రిపోర్టులో పస్ సెల్స్ అని రాసేది వీటినే. చీమంటే చాలావరకు వీటి శవాలు.

ఎంత తీసినా చీము మళ్ళీ ఊరింది. ఛాతీలోకి దిగితే ప్రాణం దక్కదు, కర్నూలు తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఎమ్మిగనూరులో మగ్గం ఆపేసి వచ్చిన మా ఆయన్ని వాడి దగ్గర ఉంచి, అమ్మను తీసుకురావడానికి ఊరికి పోయాను.

పెరట్లో అమ్మ పుంజును పట్టుకుని ఉంది. చిన్నాయన చేతిలో కత్తి. నాకు కోపం నషాళానికెక్కింది.

"ఆడ వాడు సస్తాంటే ఈడ కోడిని కోస్తాండారా?"

"అమ్మవారికి మొక్కినాను. నువ్వు అడ్డం రావద్దు," అంది అమ్మ.

చిన్నాయన ఒక్క వేటుకు మెడ తెంపాడు. రక్తం రాలేదు. పసుపుపచ్చ చీము బుడబుడమంటూ అమ్మ చేతుల మీద కారింది. వారంగా నా ముక్కులో ఉన్న వాసనే అది. తల లేని పుంజు విదిలించుకుని గోడకేసి కొట్టుకుంది. చిన్నాయన కత్తి పారేసి వాంతి చేసుకున్నాడు. అమ్మ మాత్రం కదల్లేదు.

రోగం కోడి అనుకుని, నా బ్యాగులో ఉన్న శాంపిల్ డబ్బాలో కొంచెం పట్టాను. అంతలో మా ఆయన ఫోను. చూస్తుండగానే వాపు దిగిందట, వీరేశ్ నీళ్ళు అడిగి తాగాడట. అక్కడే కూలబడి ఏడ్చాను.

మరునాడు ల్యాబ్‌లో స్లైడు వేశాను. కోడికి చీము పడితే ఇలా కారదు, జున్నులా గడ్డకడుతుంది. కోడి ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది, మనిషి వాటిలో ఉండదు. నేను చూసిన ఒక్క ఎర్రకణంలోనూ కేంద్రకం లేదు. తెల్లకణాలూ అచ్చంగా మనిషి న్యూట్రోఫిల్సే. మళ్ళీ వేసినా అంతే. పక్కన పనిచేసే అమ్మాయికి ఏమీ చెప్పకుండా చూపించాను.

"మీ తమ్మునిదే గదక్కా? ఇంగా తగ్గలేదా?" అంది.

మందులు ఆలస్యంగా పనిచేశాయన్నాడు డాక్టరు. నేనూ అదే అనేదాన్ని, ఆ స్లైడు చూడకపోయి ఉంటే. అమ్మను అడిగితే, "నా కొడుకు బతికినాడు. ఇంగేం అడగొద్దు," అని కసిరింది. ఏం జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

వచ్చే ఉగాదికి వీరేశ్ మళ్ళీ పిడకలాటకు దిగుతాడట. కాళ్ళావేళ్ళా పడ్డా వినడం లేదు. మొన్న ఊరికి పోతే, అమ్మ ఒక పుంజును కాలికి తాడు కట్టి విడిగా పెంచుతోంది. ఎందుకని నేను అడగలేదు. వచ్చేముందు దానికి దోసెడు జొన్నలు వేశాను.